అడగని మరమ్మతు

కష్టపడే వస్తువుని చూస్తే మా ఆయనకి ఒళ్ళు ఊరుకోదు. మనుషుల కష్టం అంత తొందరగా బుర్రకెక్కదు గానీ, తలుపు కిర్రుమన్నా, కుట్టుమిషను బరువుగా తిరిగినా, పక్కింటివాళ్ళ గేటు నేలకి రాసుకున్నా వెంటనే జేబులోంచి స్పానర్ బయటికొస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు తలనొప్పిగా ఉందని పడుకున్నాను. ఆయన మంచం పక్కన కాసేపు నిలబడి, చెవులు రిక్కించి విని, స్టూలు వేసుకుని పైనున్న ఫ్యాను విప్పేశారు. బేరింగు అరుస్తోందట, నా తలనొప్పి దానివల్లేనట. ఫ్యాను బాగుపడింది. తలనొప్పి మూడు రోజులుంది. ఆ మూడు రోజులూ ఆయన నా మొహం చూడలేదు, ఫ్యానునే అనుమానంగా చూశారు.

బస్సు డిపో వెనక సందులో ఆయన రేకుల షెడ్డు. రెండు బళ్ళు పడితే మూడో బండి రోడ్డు మీదే ఉండాలి. గోడకి మేకులు కొట్టి, ఏ స్పానర్ ఎక్కడ ఉండాలో దాని ఆకారం తెల్ల రంగుతో గీసి పెట్టారు. ఏదైనా తీసి మళ్ళీ పెట్టకపోతే గోడ మీద ఖాళీ కనబడి ఆయనకి భోజనం సయించదు. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒకటుంది. దాని పిడి చెవికి ఆనించుకుని, మొన ఇంజనుకి తగిలించి, కళ్ళు మూసుకుంటారు. రెండు నిమిషాల్లో రోగం చెప్పేస్తారు. పిస్టన్ రింగులు పోయాయా, బేరింగు అరిగిందా, ఎవరైనా పెట్రోల్లో ఆయిలు తక్కువ కలిపారా, అన్నీ ఆ స్క్రూడ్రైవరే చెబుతుంది. టూస్ట్రోక్ బళ్ళకి ఆయన్ని మించినవాళ్ళు లేరని ఊరంతా డాక్టరు అని పిలిచేది. ఆ స్క్రూడ్రైవరు మనుషులకి కూడా పనిచేసి ఉంటే ఎంత బాగుండేదో అని నేను అనుకోని రోజు లేదు.

ఆయనకి ఒక్కతే చెల్లెలు. నేను కాపురానికి వచ్చేసరికి తనకి పంతొమ్మిదేళ్ళు. నేను చెప్పబోయే సంగతి జరిగేసరికి ముప్పై నాలుగు. సంబంధాలు రాకపోలేదు. ఒకటి వాళ్ళు వద్దన్నారు, రెండు మేం వద్దన్నాం, ఆ తర్వాత మామగారు పోయారు, ఆ మరుసటి ఏడాది అత్తగారు స్నానాలగదిలో జారిపడి తుంటి విరిగి మంచం పట్టారు. తనకి పెళ్ళి చెయ్యకూడదని ఎవరూ అనుకోలేదు. చెయ్యాలని ఎవరూ పూనుకోనూ లేదు. అత్తగారిని పక్కకి తిప్పాలన్నా, దుప్పటి మార్చాలన్నా ఇద్దరు మనుషులు కావాలి. భుజాల వైపు నా ఆడబిడ్డ, కాళ్ళ వైపు నేను. బరువంతా భుజాల వైపే ఉంటుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు.

తనది నీళ్ళ పరీక్షశాలలో ఉద్యోగం. ఊళ్ళో పంపు పంపుకీ వెళ్ళి, పంపు మూతిని స్పిరిట్ దూదితో కాల్చి, కాసేపు నీళ్ళు వదిలి, మరిగించిన గాజు సీసాల్లో పట్టి, చీటీలు అంటించి, వెనక పెట్టెలో సర్దుకుని గుట్ట మీదకి తీసుకెళ్ళాలి. గుట్ట మీద నీళ్ళ ట్యాంకులు, వాటి పక్కనే పరీక్ష గది. తన బండి అరవై సీసీ టూస్ట్రోక్, చిన్నది. చదును రోడ్డు మీద బుద్ధిగా పోయేది. గుట్ట మొదట్లోకి వచ్చేసరికి, ఇరవై నాలుగు సీసాల పెట్టెతో ఎక్కలేక గొంతు బొంగురుపోయేది. అక్కడ దిగి నెట్టుకుంటూ పైదాకా నడవాలి. ముప్పావు కిలోమీటరు, ఇరవై నిమిషాలు.

ఆ గుట్ట కింద కాలనీలకి నీళ్ళు వదిలే వాల్వు మనిషి ఒకతను ఉండేవాడు. నలభై దగ్గర పడినా పెళ్ళి కాలేదు. వాల్వులు తిప్పడానికి ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉండే ఇనప తాళం, మనిషంత పొడుగుది, భుజాన వేసుకుని ఆ వేళకే పైకి నడిచేవాడు. ఒకరోజు వెనకనుంచి బండి మీద చెయ్యి వేశాడు. ఆ రోజు నుంచి రోజూ వేశాడు. ఎదురుగా నిలబెడితే పేరు చెప్పడానికి కూడా గుటకలు మింగే మనిషి. వెనకనుంచి బండి నెడుతూ, తన మొహం ఎవరికీ కనబడదని తెలిస్తే మాత్రం మాట్లాడేవాడట. సగం గుట్ట ఎక్కాక గానీ మొదటి మాట పడేది కాదట. ఇంజను ఆన్‌లో ఉంచి మొదటి గేర్లో నడిపిస్తే బండి సగం బరువే. మొదట్లో తనూ అలాగే చేసేది. తర్వాత ఇంజను ఆపేసి నెట్టడం మొదలుపెట్టింది. ఎందుకో విడమరిచి చెప్పక్కర్లేదు. ఇలా మూడేళ్ళు నడిచారు.

ఇదంతా నాకు ఒక శనివారం మధ్యాహ్నం తెలిసింది. ఇద్దరం అత్తగారికి దుప్పటి మారుస్తున్నాం. దుప్పటి అంచు పట్టుకుని తను ఉన్నట్టుండి నవ్వింది. ఏంటి సంగతి అంటే మొదట ఏం లేదంది. తర్వాత పెరట్లోకి లాక్కెళ్ళి అంతా చెప్పింది. ముందురోజు గుట్ట పైదాకా వచ్చాక అతను బండి మీదనుంచి చెయ్యి తీసి, మొదటిసారి ముందుకొచ్చి నిలబడి, నన్ను చేసుకుంటారా అని అడిగాడట. తను తేలిపోలేదు, పారిపోలేదు. ఇంట్లో చెప్పి సోమవారం ఇదే చోట జవాబు చెబుతానందట. అన్నయ్యకి ఎలా చెప్పాలో నువ్వే చెప్పు వదినా అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి ఎంత చల్లగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

సలహా ఇచ్చింది నేనే. "మీ అన్నయ్య మనుషుల మాట వినరు. ముందు బండి మాటెత్తు, అప్పుడే చెవి ఇస్తారు," అన్నాను. ఇద్దరం కలిసి రెండు మాటలు కూర్చాం. గుట్ట దగ్గర రోజూ దిగి నడవాల్సి వస్తోంది అన్నయ్యా అన్నది మొదటిది. అక్కడ ఒకాయన సాయం పడుతున్నాడు అన్నది రెండోది. రెండోది అయ్యాక మిగతాది నేను అందుకుంటానన్నాను. ఇలాంటివి వదిన నోటినుంచే రావాలని, అది నా బాధ్యతేనని పెద్దరికంగా కూడా అన్నాను. తను ఆ రెండు మాటలనీ సాయంత్రందాకా పరీక్షకి చదువుకున్నట్టు చదువుకుంది.

భోజనాల దగ్గర మొదటి మాట అన్నది. అంతే. ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "మూడేళ్ళ నుంచి నెట్టుకుంటూ వెళ్తున్నావా? సీసాలతోనా?" అన్నారు. మెకానిక్ చెల్లెలు బండి నెట్టుకుంటూ పోతుంటే ఊరంతా చూసిందన్న సిగ్గొకటి, తనకి తెలియలేదన్న బాధొకటి. చెయ్యి కడుక్కుని, చొక్కా తగిలించుకుని, తిన్నగా లేతుమిషను మేస్త్రీ ఇంటికి వెళ్ళిపోయారు. రెండో మాట నా ఆడబిడ్డ నోట్లోనే ఉండిపోయింది. నా వైపు చూసింది. రేపు చెబుదువుగానిలే అన్నాను.

రేపు ఆదివారం. పొద్దున్నే షెడ్డుకి వెళ్ళి చూసేసరికి తన బండి చిన్న ఇంజను కింద గోనెసంచి మీద ఉంది. ఎవరో చట్రం విరగ్గొట్టుకుని వదిలేసిన బండి తాలూకు వంద సీసీ ఇంజను, ఏడాదిగా షెడ్డు మూల గుడ్డ కప్పి ఉన్నది, బల్ల మీదకి ఎక్కింది. చిన్న బండిలో పెద్ద ఇంజను పెట్టడమంటే నాలుగు బోల్టులు బిగించడం కాదు. బోల్టు రంధ్రాలు ఒక్కటీ కలవవు. లేతు మేస్త్రీ మందపాటి ఇనప రేకు కోసి రెండు చెవులు చేసి తెస్తే, మా ఆయన వాటిని చట్రానికి అతికించి, మళ్ళీ ఊడగొట్టి, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ అతికించారు. చైను ముందు పళ్ళచక్రం నుంచి వెనక చక్రానికి వంకరగా పోతోందని మధ్యలో వాషరు చేయించారు. సైలెన్సర్ గొట్టం చట్రానికి తగులుతోందని, వంచితే నొక్కుకుపోకుండా లోపల పొడి ఇసక దట్టించి, ఎర్రగా కాల్చి వంచారు. కిక్ రాడ్ కాలు పెట్టుకునే చోటుకి కొట్టుకుంటోందని దాన్నీ వంచారు. వేగం పెరిగితే ఆగే దారి కూడా ఉండాలని ముందు చక్రానికి పెద్ద బ్రేకు డ్రమ్ము వేశారు. చెల్లెలి ప్రాణం మీదకి వచ్చేది ఒక్కటీ వదల్లేదు. ఆ పనిలో ఎంత వెతికినా తప్పు దొరకదు.

మధ్యాహ్నం నా ఆడబిడ్డ షెడ్డు గుమ్మంలోకి వచ్చింది. ఉన్న ఇంజనే చాలు అన్నయ్యా, నాకేం ఇబ్బంది లేదు అంది. ఆయన తల ఎత్తకుండానే, "నువ్వు మాట్లాడకు. ఇన్నాళ్ళు అడగలేదంటే ఎంత మొహమాటపడ్డావో నాకు తెలుసు," అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. అలాంటి మనిషికి ఏం చెప్పగలదు? తను నా వైపు తిరిగింది. ఆ చూపుకి అర్థం నాకు తెలుసు. మిగతాది నేను అందుకుంటానన్నాను కదా.

తను వెళ్ళిపోయాక ఆయన బండిని పట్టుకోమన్నారు. హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాను. నోరు తెరిచాను కూడా. ఏంటి అన్నారు. "ఏం లేదు, భోజనం చల్లారిపోతోంది," అన్నాను.

ఎందుకు చెప్పలేదో ఇన్నేళ్ళుగా నాకు నేనే రకరకాలుగా సర్దిచెప్పుకున్నాను. పనిలో ఉన్న మనిషిని కదిలించకూడదనుకున్నాను, లేతు మేస్త్రీ పక్కనే ఉన్నాడు, ఇంటి గుట్టు అతని ముందు ఎలా చెబుతాను. ఇవన్నీ పైపై మాటలు. అసలు సంగతి ఇది. నా ఆడబిడ్డ వెళ్ళిపోతే అత్తగారి భుజాల వైపు ఎవరు పట్టుకుంటారు? ఆ ప్రశ్న శనివారం పెరట్లో తను నా చెయ్యి పట్టుకున్నప్పుడే నా మనసులోకి వచ్చి కూర్చుంది. పెళ్ళి చెడగొట్టాలని అనుకోలేదు, ఒట్టు. ఒక వారం ఆలస్యమైతే కొంప మునిగిపోతుందా అనుకున్నాను. పైగా కొత్త ఇంజనుతో తను గుట్ట ఎక్కడం తొందరగా అయిపోయి ఇంటికి పావుగంట ముందే వస్తుందని కూడా లెక్కేసుకున్నాను. ఇంత చిన్నబుద్ధి నాకుందని అప్పటిదాకా నాకే తెలియదు.

సోమవారం ఆయన షెడ్డు మూసి, తన బండి మీద చెల్లెలి వెనకే వెళ్ళారు. గుట్ట ఎక్కడం కళ్ళారా చూడాలట. సాయంత్రం ఆ కథ ఐదుసార్లు చెప్పారు. మంచంలో ఉన్న అత్తగారికి రెండుసార్లు. బండి మొదటి మలుపులో కూడా గేరు మార్చాల్సిన పని లేకుండా ఎక్కిందట, సీసాలు గలగలమన్నాయట గానీ ఒక్కటి పగల్లేదట. "దారిలో ఎవరో వాల్వు తాళం భుజాన వేసుకున్న మనిషి, బండి రయ్యిమని పక్కనుంచి పోతుంటే తాళం కింద పెట్టేసి అలా చూస్తూ నిలబడిపోయాడనుకో," అని ఆయన నవ్వారు. అంత మెచ్చుకోలుగా ఎవరూ తన పనిని చూడలేదన్నారు. నా ఆడబిడ్డ లేచి లోపలికి వెళ్ళిపోయింది. అలసిపోయింది పాపం అన్నారాయన.

వెనకాలే అన్నయ్య వస్తుంటే గుట్ట మధ్యలో బండి ఆపి, ఒక మగమనిషితో ఏం మాట్లాడుతుంది? మంగళవారం ఒక్కతే వెళ్ళింది. అతను ఎక్కడా కనబడలేదు. బుధవారం కనబడ్డాడు గానీ, ఇంజను చప్పుడు వినగానే రోడ్డు దిగి కాలిబాట పట్టి, తల వంచుకుని పోయాడట. అప్పుడు తను బండి చెడిపోయినట్టు నటించడం మొదలుపెట్టింది. గుట్ట మధ్యలో ఆపి, దిగి, ప్లగ్గు విప్పి చేత్తో పట్టుకుని నిలబడేది, ఎవరైనా సాయానికి వస్తారేమోనని. వచ్చినవాళ్ళు వచ్చారు, అతను తప్ప. ఆ కబురు ఎవరో మోసుకొచ్చి మా ఆయన చెవిన వేశారు. డాక్టరు చేసిన బండి రోజూ గుట్ట మీద ఆగిపోతోందని. ఆయన ఒంటికాలి మీద లేచారు. కార్బురేటర్ విప్పారు, ప్లగ్గు మార్చారు, కాయిల్ మార్చారు, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని గంటసేపు విన్నారు. రోగం దొరకలేదు. చివరికి మూడు రోజులు గుట్ట మధ్యలో సామాన్ల సంచీతో కాపలా కాశారు, ఆగితే అక్కడే పట్టుకుంటానని. ఆ మూడు రోజులూ బండి చక్కగా ఎక్కింది. నాలుగో రోజు నుంచి కూడా చక్కగానే ఎక్కింది. తను ఆపడం మానేసింది.

నెల తిరక్కుండా అతను ఊరికి అవతల ఉన్న పంపుహౌసుకి బదిలీ చేయించుకున్నాడని తనే నాకు చెప్పింది. చాలా మామూలుగా, బట్టలు మడతపెడుతూ చెప్పింది. మనమే కబురు పంపుదామా అన్నాను, నోటి చివరనుంచి. వద్దులే వదినా అంది. నేను మళ్ళీ అడగలేదు. వారం అనుకున్నది నెలయింది, నెల ఏడాదయింది. మూడో ఏట అత్తగారు పోయారు. ఆ మంచం విప్పి గోడకి ఆనించిన రోజున, ఇక నాకు ఎవరి భుజాలూ అవసరం లేవని తెలిసింది. అప్పటికి అతనికి పెళ్ళయిపోయిందని కూడా తెలిసింది.

అవన్నీ జరిగిన ఏడేళ్ళకి, ఒక మధ్యాహ్నం నేను షెడ్డుకి భోజనం క్యారియరు తీసుకెళ్ళాను. ఆయన ఒక చిన్న బండి వెనక చక్రం విప్పుతున్నారు. ఆ బండిని నిటారుగా పట్టుకుని నిలబడ్డ మనిషిని నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మెత్తగా, ఆగి ఆగి మాట్లాడుతున్నాడు. ఇంటావిడ బండి అట, ఎత్తు ఎక్కడం లేదట, పెద్ద ఇంజను పెడతారా అని అడుగుతున్నాడు. అలాంటివి నేను చేస్తానని ఎవరు చెప్పారు అన్నారు మా ఆయన.

"మీ చెల్లెలిగారి బండికి పెట్టారు కదండీ. చూశాను. నేను ఆ గుట్ట మీదే వాల్వులు తిప్పేవాణ్ణి."

మా ఆయన మొహం విప్పారింది. తాళం కింద పెట్టి చూసింది మీరేనా అన్నారు. అతను అవునన్నాడు. చక్రం ఊడి వచ్చాక, బండి బరువంతా తన చేతుల మీదకి వచ్చాక అన్నాడు.

"మేస్త్రీ గారూ, ఇప్పుడు చెబితే తప్పేం లేదులెండి. ఆ రోజు ఆవిడ నాకో జవాబు చెబుతానన్నారు. మూడేళ్ళు కలిసి నెట్టాం ఆ బండిని. శుక్రవారం అడిగాను, సోమవారం చెబుతానన్నారు. సోమవారం మీరు వెనక, ఆవిడ ముందు. కొత్త ఇంజను వేసుకుని నా పక్కనుంచే వెళ్ళిపోయారు. ఇంట్లోవాళ్ళు ఇలా చెప్పించారనుకున్నాను. ఇంక నీ సాయం అక్కర్లేదని."

మా ఆయన చేతిలో చక్రం అలాగే ఉంది. దాన్ని మెల్లగా కింద పెట్టారు. లేచి నిలబడి చేతులు తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు. ఈ బండికి పెద్ద ఇంజను పెట్టమని మీ ఇంటావిడ అడిగిందా అన్నారు. లేదు, నేనే అనుకున్నాను అన్నాడతను. "అయితే ముందు ఆవిణ్ణి అడిగి రండి," అన్నారు మా ఆయన. వెనక చక్రం మళ్ళీ బిగించి పంపేశారు. నేను ఆ క్యారియరు తిరిగి ఇంటికి మోసుకొచ్చాను.

సాయంత్రం ఆయన పెందరాళే ఇంటికొచ్చారు. నా ఆడబిడ్డ అప్పుడే పనినుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఆయన చెల్లెలి ఎదురుగా కింద కూర్చున్నారు. నేను పుట్టింటికి వెళ్ళినా, జ్వరపడినా ఆయన దగ్గర ఎప్పుడూ చూడని మొహం అది. షెడ్డులో విన్నదంతా చెప్పి, చెల్లెలి మొహం చూడలేక నా వైపు తిరిగారు.

"ఈ సంగతి నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. నా ఆడబిడ్డ తువ్వాలు చేతిలో పట్టుకుని నిలబడింది. ఒక్క మాట చాలు తను నన్ను పట్టివ్వడానికి. ఆయన ఇంక నా వైపు చూడలేదు. చెల్లెలి రెండు చేతులూ పట్టుకుని, నాకు వినబడలేదమ్మా, తప్పంతా నాదే, నా ఒక్కడిదే అన్నారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. తను పక్కన కూర్చుని ఆయన వీపు రాస్తూ, నువ్వేం చేశావన్నయ్యా, మంచికే చేశావు అంది. నా పేరు ఎత్తలేదు. ఈ రోజుదాకా ఎత్తలేదు.

ఇప్పుడు ఆయన ఎవరి బండి ఇంజనూ మార్చరు. డాక్టరుకి చేతులు వణుకుతున్నాయని, ధైర్యం పోయిందని సందులో అనుకుంటారు. ఏ బండి వచ్చినా నడిపేది ఎవరు, వాళ్ళనే రమ్మనండి, వాళ్ళ నోటితోనే చెప్పమనండి అంటారు. చెల్లెలు ఏం మాట్లాడినా పని ఆపి, చివరి మాటదాకా వింటారు. తను ఏమీ చెప్పదు. పొద్దున్నే నాకంటే ముందు లేచి నీళ్ళు పడుతుంది, వదినా అని పిలుస్తుంది, నాకు ఒంట్లో బాగాలేకపోతే భుజాల వైపు పట్టుకుని లేపి కూర్చోబెడుతుంది.